మూతి నుంచి మందు దట్టించే ఆధునిక రివాల్వర్: ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. షూటింగ్ రేంజ్‌కి వెళ్లిన గంటలో వంద షాట్లు కాల్చేసి రావాలన్నది మీ సరదా అయితే ఈ రివాల్వర్ జోలికి రాకండి. ఒక్కో షాట్‌కీ మందు తూచి, బుల్లెట్ దింపి, తాపీగా గురిపెట్టి, కాగితం మీద పడిన ప్రతి రంధ్రానికీ కారణం వెతుక్కోవడం మీకు ఇష్టమా? అయితే ఇంగ్లండ్‌లో ఉంటూ పిస్టల్ కాల్చాలనుకునేవారికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

నేను వాడుతున్నది ఆరు గదుల .357 రివాల్వర్, ఆరంగుళాల బ్యారెల్. దాని ఫ్రేమ్, బ్యారెల్ తూటాలు (మందు, బుల్లెట్, ప్రైమర్ ఒకే గొట్టంలో కలిసి ఉండేవి) వేసుకునే మామూలు ఆధునిక రివాల్వర్ తరహావే. బ్రిటన్‌లోని ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్లు దానికి తూటా పట్టని కొత్త సిలిండర్ (ఆరు గదులున్న, తిరిగే భాగం) తయారుచేసి అమర్చారు, తుపాకీల బలాన్ని పరీక్షించి ముద్ర వేసే ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష చేయించి అమ్మారు. ఈ కొత్త సిలిండర్‌కి వెనక వైపు గదులు మూసుకుపోయి ఉంటాయి. మందు, బుల్లెట్ రెండూ ముందు వైపు నుంచే దింపాలి. వెనక మాత్రం షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత) కూర్చునే చిన్న గుంట ఉంటుంది. హ్యామర్, అంటే వెనకుండే చిన్న సుత్తి, పడితే ప్రైమర్ పేలుతుంది, సన్నని రంధ్రం గుండా నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. ఇందులో వాడేది పొగ దట్టంగా వచ్చే పాతకాలపు బ్లాక్ పౌడర్ కాదు, పొగ దాదాపు రాని ఆధునిక మందు, నైట్రో పౌడర్. అందుకే క్లబ్బుల్లో దీన్ని నైట్రో మజిల్‌లోడర్ (మూతి నుంచి నింపేది) అంటారు.

మా క్లబ్‌లో కొత్తగా చేరిన హైదరాబాద్ కుర్రాడు ఒకడు దీన్ని చూడగానే, "అన్నా, ఇది నిజంగా లీగలేనా?" అని గొంతు తగ్గించి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ ప్రైమరీ స్కూల్లోకి ఒకడు లైసెన్స్ ఉన్న హ్యాండ్‌గన్లతో చొరబడి 16 మంది పిల్లల్నీ వాళ్ల టీచర్‌నీ చంపేశాడు. ఆ తర్వాతి ఏడాది, 1997లో, రెండు చట్టాలు వచ్చాయి. జాన్ మేజర్ ప్రభుత్వం తెచ్చిన మొదటిది .22 కన్నా పెద్ద హ్యాండ్‌గన్లను నిషేధించింది. టోనీ బ్లెయిర్ ప్రభుత్వం తెచ్చిన రెండోది .22 వాటినీ కలిపేసింది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో ప్రైవేటు వ్యక్తుల దగ్గరున్న హ్యాండ్‌గన్లు పోలీసుల చేతికి వెళ్లిపోయాయి. ఉత్తర ఐర్లండ్ చట్టం వేరు, అక్కడ టార్గెట్ పిస్టల్ ఇప్పటికీ ఉంది. ఆ స్కూల్లో జరిగింది తలచుకుంటే ఆ చట్టం ఎందుకు వచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నేను దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

ఆ నిషేధం లెక్క ఇలా ఉంటుంది: బ్యారెల్ 30 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్నా, మొత్తం పొడవు 60 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్నా ఆ తుపాకీ నిషిద్ధం. ఎయిర్ గన్‌లు, సిగ్నల్ పిస్టళ్లు, మజిల్‌లోడర్‌లు మాత్రం ఈ లెక్కలోకి రావు. మజిల్‌లోడర్ అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది. విడి మందు, విడి గుండు. వాటిని బ్యారెల్ మూతి నుంచి గానీ గది మూతి నుంచి గానీ నింపేలా తయారైనది. "గది మూతి" అన్న ఆ మాట వల్లే రివాల్వర్ కూడా ఇందులోకి వస్తుంది. తూటాలు వాడుకలోకి రాకముందు పందొమ్మిదో శతాబ్దపు కోల్ట్, రెమింగ్టన్ రివాల్వర్లను అలాగే నింపేవాళ్లు కదా. అదే పద్ధతిని ఆధునిక ఫ్రేమ్ మీదికి తెచ్చారు, అంతే. కాబట్టి ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు: లీగలే, కానీ పోలీసులు ఇచ్చే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఈ రివాల్వర్ పేరు ఉండాలి, క్లబ్ సభ్యత్వం ఉండాలి, ఇంట్లో ఇనుప క్యాబినెట్ ఉండాలి.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ ఫ్రేమ్‌లోకి తూటాల సిలిండర్ ఎక్కడైనా పడుతుందేమో చూద్దాం అనే కుతూహలం కొందరిలో వినిపిస్తుంటుంది. అది కుతూహలం కాదు, నేరం. ఆ క్షణంలోనే మీ చేతిలో ఉన్నది నిషిద్ధ ఆయుధం అవుతుంది. దానికి బ్రిటిష్ చట్టంలో అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప పెద్దవాళ్లకు కనీస శిక్షే 5 ఏళ్ల జైలు. నైట్రో సిలిండర్ చేసి అమర్చే పని కూడా ఇంట్లో చేసుకునేది కాదు. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేయాలి, ప్రూఫ్ హౌస్ ముద్ర పడాలి. ఈ సమీక్షలో ఆ పని ఎలా చేస్తారన్నది నేను రాయను, అడిగినా చెప్పను.

మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది లండన్‌లోనే, వూలిచ్‌లోని రాయల్ ఆర్టిలరీ బారక్స్‌లో. అదే చోట పిస్టల్ పోటీలు జరగడానికి ప్రభుత్వం ప్రత్యేక అనుమతులు ఇవ్వాల్సి వచ్చింది. మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 25 మీటర్ల పోటీలో కాల్చే .22 స్పోర్ట్ పిస్టల్‌ని ఇంగ్లండ్‌లో మాలాంటి క్లబ్ సభ్యుడెవరూ ఇంట్లో పెట్టుకోలేడు. హైదరాబాద్‌లో ఉన్న మా కజిన్‌కి ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం కుదరదు.

సరే, రివాల్వర్ సంగతికి వద్దాం. దీని గురించి చెప్పుకోవాల్సిందంతా సిలిండర్‌లోనే ఉంది కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

మందు ఇంట్లోనే తూస్తాను. వంటింటి బల్ల మీద డిజిటల్ తూకం పెట్టుకుని, ఒక్కో షాట్‌కి సరిపడా మందు ఒక్కో చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పోసి మూత పెడతాను. రేంజ్‌లో గాలికీ తొందరకీ మధ్య తూకం వేయడం కుదరదు. ఎంత మందు అన్నది ఇక్కడ రాయడం లేదు. మీ సిలిండర్‌తో పాటు తయారీదారు ఇచ్చే కాగితంలో ఏ పౌడర్, ఎన్ని గ్రెయిన్లు (చిన్న బరువు కొలమానం) అని ఉంటుంది, అదే పాటించాలి. పక్కవాడి లెక్క మీ సిలిండర్‌కి పనికిరాదు.

రేంజ్‌లో సిలిండర్ బయటికి తీసి, మూతులు పైకి ఉండేలా చిన్న స్టాండు మీద నిలబెడతాను. గొట్టాల మూతలు తీసి ఒక్కో గదిలో ఒక్కో గొట్టం ఒంపుతాను. ఖాళీ అయిన గొట్టాన్ని వెంటనే తలకిందులుగా ట్రేలో గుచ్చేస్తాను. ఆరూ అయ్యాక బుల్లెట్ ముట్టుకోకుండా టార్చ్ వేసి లోపలికి చూస్తాను. నైట్రో మందు చాలా కొంచెమే పడుతుంది. గది అడుగున బూడిద రంగు రేకుల్లాంటివి పల్చగా పరుచుకుని కనిపిస్తాయి. ఆరింటిలోనూ ఒకే ఎత్తులో ఉండాలి. ఈ చూపు చాలా ముఖ్యం. బ్లాక్ పౌడర్ అయితే పొరపాటున రెండుసార్లు పోస్తే గది పొంగిపోయి గుండు పట్టదు, మనకు తెలిసిపోతుంది. నైట్రో అలా కాదు, రెండింతలు పోసినా లోపల ఇంకా బోలెడు చోటు మిగులుతుంది, బుల్లెట్ హాయిగా దిగుతుంది. కాల్చాక మాత్రం సిలిండర్ మిగలదు, చెయ్యి మిగులుతుందో లేదో చెప్పలేం. నేను టార్చ్ వేయకుండా బుల్లెట్ దింపింది లేదు. మీరూ దింపకండి.

తర్వాత బుల్లెట్. నేను వాడేది 148 గ్రెయిన్ల సీసపు వాడ్‌కట్టర్, ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కాగితంలో అంచులు చిరగకుండా గుండ్రటి రంధ్రం పడుతుంది, స్కోరు చూడటం సులువు. చిన్న లీవర్ ప్రెస్ కింద సిలిండర్ పెట్టి నొక్కితే బుల్లెట్ గట్టిగా గీసుకుంటూ దిగుతుంది. ప్రతి గదిలోనూ చేతికి తగిలే బిగువు ఒకేలా ఉండాలి. ఒకటి మరీ వదులుగా జారిపోయిందంటే ఆ బుల్లెట్ కొలత తక్కువైందని అర్థం, ఆ షాట్‌ని స్కోరు లెక్కలోకి తీసుకోను. ఎందుకింత పట్టింపు అంటే, తూటాలో అయితే దాని ఇత్తడి గొట్టం అంచు బుల్లెట్‌ని నొక్కి పట్టుకుంటుంది. ఇక్కడ ఆ పట్టు లేదు. సీసం, గది గోడ మధ్య ఒరిపిడి తప్ప బుల్లెట్‌ని ఆపేది ఇంకేమీ లేదు. నైట్రో మందు సరిగ్గా మండాలంటే బిగువు కావాలి. బిగువు మారితే మంట మారుతుంది, మంట మారితే వేగం మారుతుంది, కాగితం మీద రంధ్రం పైకో కిందికో పోతుంది. బుల్లెట్ ఎంత లోతుకు దిగిందన్నదీ అంతే ముఖ్యం. నా ప్రెస్‌కి ఒక స్టాప్ ఉంది, దాని పుణ్యమా అని ఆరూ ఒకే లోతులో ఆగుతాయి.

ప్రైమర్లు చివర, ఫైరింగ్ లైన్ మీద, మూతి టార్గెట్ వైపు ఉన్నాక మాత్రమే.

ఇదంతా కలిపి ఆరు షాట్లకు ఐదారు నిమిషాలు పడుతుంది. కొత్తలో ఇంకా ఎక్కువే. ఈ ఆలస్యమే దీని గొప్పదనం అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. తూటాల తుపాకీ కాల్చేటప్పుడు ఒక షాట్ పక్కకు పోతే తర్వాతి దానితో సరిచేద్దాం అనిపిస్తుంది. ఇక్కడ ఆ షాట్ వెనక మీ చేతి పని ఉంది, దాన్ని ఊరికే పారేసుకోవడానికి మనసొప్పదు. ఊపిరి సరిగ్గా పడకపోతే రివాల్వర్ దించేసి మళ్లీ ఎత్తుతారు. ఇది కొన్నాక నా ఎయిర్ పిస్టల్ స్కోరు కూడా పెరిగింది. దానికి కారణం ఈ ఓపికే.

కాల్చడం ఎలా ఉంటుంది? చాలా బాగుంటుంది. ఆధునిక రివాల్వర్‌లో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయి: పైకీ కిందికీ, పక్కలకీ తిప్పుకోగల వెనక సైట్, చేతి ఆకారానికి సరిపోయే రబ్బరు గ్రిప్, గట్టి ఫ్రేమ్. హ్యామర్ బొటనవేలితో లాగి సింగిల్ యాక్షన్‌లో కాలిస్తే ట్రిగ్గర్ గాజుముక్క విరిగినంత తేటగా విరుగుతుంది. రీకాయిల్, అంటే వెనక్కి తన్నే దెబ్బ, తక్కువ. 25 గజాల దూరంలో చేతి కింద ఆధారం పెట్టుకుని, మందూ బిగువూ కుదిరిన రోజున ఆరు రంధ్రాలూ అరచేతిలో సగం చోటులో పడతాయి. నిలబడి ఒంటి చేత్తో కాలిస్తే ఆ చోటు ఎంత పెరిగినా తప్పు రివాల్వర్‌ది కాదు. డబుల్ యాక్షన్, అంటే హ్యామర్ లాగకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి కాల్చడం, పనిచేస్తుంది గానీ నేను వాడను. ఇంత కష్టపడి నింపిన ఆరింటినీ పది సెకన్లలో ఊదేయడంలో నాకు అర్థం కనిపించదు.

ఇక లోపాలు. ఇవి ఉన్నాయి, చిన్నవేం కావు.

అన్నిటికన్నా నన్ను వేధించింది ప్రైమర్ గుంట. నాకు వచ్చిన మొదటి సిలిండర్‌లో రెండు గదుల గుంటలు ఒక వెంట్రుకవాసి లోతు తక్కువ. ప్రైమర్ పూర్తిగా లోపలికి కూర్చోదు, పేలినప్పుడు కాస్త వెనక్కి తన్నుకొస్తుంది, వెనక ఫ్రేమ్‌కి ఒరుసుకుని సిలిండర్ తిరగడం బరువైపోతుంది. ఒక్కోసారి తిరగనే తిరగదు. నింపిన గదులు ఇంకా ఉండగా సిలిండర్ బిగుసుకుపోతే పడే టెన్షన్ అనుభవిస్తే గానీ తెలియదు. రేంజ్ ఆఫీసర్‌ని పిలిచి, మూతి టార్గెట్ వైపే ఉంచి, ఓపిగ్గా వెనక్కి తిప్పుకోవాలి. వర్క్‌షాప్‌కి పంపితే సరిచేసి ఇచ్చారు గానీ దానికి నెలలు పట్టాయి, ఫోన్ ఎత్తేవాళ్లు కూడా కరువయ్యారు. ఇవి పెద్ద ఫ్యాక్టరీ సరుకు కాదు, ఒక్కోటీ చేత్తో చేసినదే. మంచి చేతిలో పడితే జీవితాంతం వస్తుంది, లేకపోతే ఇలా తిప్పలు.

రెండోది, పేలని ప్రైమర్లు. 209 ప్రైమర్ మూత కాస్త గట్టిది. మెత్తటి ట్రిగ్గర్ కావాలని స్ప్రింగ్ బలం తగ్గించిన రివాల్వర్లలో హ్యామర్ దెబ్బ చాలదు. నాది ఫ్యాక్టరీ స్ప్రింగ్‌తోనే ఉంచాను, ఆ ఇబ్బంది బాగా తగ్గింది. క్లిక్‌మని శబ్దం వచ్చి పేలకపోతే మూతి టార్గెట్ వైపే పెట్టుకుని కనీసం అర నిమిషం ఆగాలి. ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది.

మూడోది ప్రాణం మీదికి వచ్చేది. 209 ప్రైమర్‌కి బలం ఎక్కువ. గదిలో మందు పోయడం మర్చిపోయినా అది ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి నెట్టగలదు. పక్క లేన్‌లో ఒకరికి ఇలా జరగడం చూశాను. "ఠప్" అని చప్పగా మోగింది, కాగితం మీద రంధ్రం లేదు. ఆయన మళ్లీ హ్యామర్ లాగబోతుంటే రేంజ్ ఆఫీసర్ ఒక్క అరుపు అరిచాడు. విప్పి చూస్తే బుల్లెట్ బ్యారెల్ మొదట్లో ఇరుక్కుని ఉంది. ఇంకో షాట్ పేలి ఉంటే బ్యారెల్ ఉబ్బిపోయేది, ఇంకా ఘోరమూ జరిగేది. శబ్దంలో తేడా వస్తే ఆగిపోవడం ఈ రివాల్వర్ వాడేవారి మొదటి అలవాటు కావాలి. చెవులకు మఫ్‌లు పెట్టుకున్నా ఆ తేడా తెలుస్తుంది, చేతికి ఇంకా బాగా తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం: కాల్చినప్పుడల్లా రీకాయిల్‌కి మిగతా గదుల్లోని బుల్లెట్లు ముందుకు జరిగే వీలుంది. వదులుగా కూర్చున్నది జరిగి సిలిండర్ ముందు అంచు దాటితే ఫ్రేమ్‌కి తగిలి సిలిండర్ ఆగిపోతుంది. అందుకే రెండు మూడు షాట్లకోసారి ముందు వైపు పక్క నుంచి ఒక చూపు వేస్తాను.

బ్లాక్ పౌడర్‌తో పోలిక అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. నా దగ్గర రూగర్ ఓల్డ్ ఆర్మీ కూడా ఉంది. 1972 నుంచి 2008 వరకు అమెరికాలో తయారైన .45 రివాల్వర్ అది. తూటాలకు కాకుండా మొదటి నుంచీ బ్లాక్ పౌడర్‌కే తయారైంది, అయినా లోపలి భాగాలు రూగర్ వాళ్ల తూటాల రివాల్వర్ బ్లాక్‌హాక్ తరహావి, కాయిల్ స్ప్రింగులు. అది ఎంత గట్టిదో చెప్పనలవి కాదు. గుండ్రటి సీసపు గుండు బ్యారెల్ కిందనున్న లీవర్‌తోనే దింపుకోవచ్చు, విడిగా ప్రెస్ అక్కర్లేదు. కాలిస్తే తెల్లటి పొగ మబ్బులా లేచి, గంధకం వాసనతో రేంజ్ అంతా నిండిపోతుంది. ఆ అందం నైట్రోలో లేదు, ఉందని చెప్పను.

కానీ ఆ అందానికి వెల ఉంది. బ్లాక్ పౌడర్ కొనాలన్నా ఇంట్లో ఉంచాలన్నా పోలీసుల నుంచి వేరే ఎక్స్‌ప్లోజివ్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి, గదులున్న చెక్క పెట్టెలో భద్రపరచాలి. నైట్రోకి ఆ సర్టిఫికెట్ అవసరం లేదు. పొగ వల్ల చాలా ఇండోర్ రేంజ్‌లలో బ్లాక్ పౌడర్‌ని రానివ్వరు. ఇంగ్లండ్‌లో నడి చలికాలంలో నాలుగింటికే చీకటి, వాన, చలి. ఇండోర్ రేంజ్ లేకపోతే తుపాకీ క్యాబినెట్‌లోనే ఉండిపోతుంది. అన్నిటికీ మించి శుభ్రం చేయడం. బ్లాక్ పౌడర్ మసి గాల్లో తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. ఎంత అలిసిపోయి ఇంటికొచ్చినా ఆ రాత్రే వేడినీళ్లూ సబ్బుతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాల్సిందే. నైట్రో రివాల్వర్‌ని నాలుగు గుడ్డముక్కలతో తుడిచి, కాస్త సాల్వెంట్, కాస్త నూనె రాస్తే పని అయిపోతుంది. ప్రైమర్ గుంటలు మాత్రం వదలకండి, అక్కడ గట్టిపడే మసి వల్లే తర్వాతిసారి ప్రైమర్ సరిగ్గా కూర్చోదు. నేను సన్నటి ఇత్తడి బ్రష్ ఒకటి దానికోసమే పెట్టుకున్నాను.

రెండూ ఉన్న ఇంట్లో ఒక నియమం పాటించి తీరాలి: నైట్రో డబ్బా, బ్లాక్ పౌడర్ డబ్బా ఒకేసారి బల్ల మీదికి రాకూడదు. ఓల్డ్ ఆర్మీ లాంటి బ్లాక్ పౌడర్ రివాల్వర్‌లో నైట్రో మందు పోస్తే అది పేలిపోయే బాంబే. తుపాకీ ఎంత గట్టిదైనా సరే, ఈ విషయంలో మినహాయింపు లేదు.

పోటీల సంగతి ముందే తెలుసుకుని దిగండి. అంతర్జాతీయ మజిల్‌లోడింగ్ సంఘం ఎంఎల్‌ఏఐసీ పోటీల్లో బ్లాక్ పౌడర్ మాత్రమే వాడాలి. పర్కషన్ రివాల్వర్‌కి (చిన్న పేలుడు టోపీతో మందు అంటించే పాతకాలపు తరహా) ఉన్న మారియెట్ పోటీలో 25 మీటర్ల దూరంలో అరగంటలో 13 షాట్లు, అందులో మంచివి 10 లెక్కకు వస్తాయి. దానికి నైట్రో రివాల్వర్ తీసుకెళ్లలేరు. పాత నమూనాకి నకలు కాదు కాబట్టి ఓల్డ్ ఆర్మీకీ అక్కడ చోటు లేదు, రెమింగ్టన్ తరహా నకలు రివాల్వర్ కావాలి. 1890 నుంచి బ్రిటన్ షూటింగ్‌కి కేంద్రంగా ఉన్న బిస్లీలో గానీ, మీ క్లబ్ లీగ్‌లో గానీ కాల్చాలనుకుంటే ఆయా పోటీల నిబంధనల్లో నైట్రోకి చోటుందో లేదో డబ్బు కట్టకముందే చదువుకోండి. నాకు క్లబ్ స్థాయి పోటీలే చాలు, అందుకే ఈ లోటు పెద్దగా బాధించలేదు. పతకాల మీద ధ్యాస ఉన్నవాళ్లకు మాత్రం ఇది పెద్ద లోటే, వాళ్లు ముందు రెమింగ్టన్ నకలు కొనుక్కోవడమే మేలు.

30 సెంటీమీటర్ల బ్యారెల్, వెనక పొడుగాటి కడ్డీ ఉన్న లాంగ్ బ్యారెల్డ్ రివాల్వర్ ఇంకో దారి. అందులో తూటాలు వాడొచ్చు, వేగంగా నింపొచ్చు. నేను కాల్చి చూశాను. బరువంతా ముందుకు లాగుతుంది, కడ్డీ మణికట్టుకి అడ్డం పడుతుంది, చేతిలో పిస్టల్ ఉన్న భావనే రాదు. షాట్లు ఎక్కువ కావాలనుకునేవాళ్లకు అది సరిపోతుంది, నాకు మాత్రం నచ్చలేదు.

ఖర్చు విషయానికొస్తే, మామూలు ఇటాలియన్ బ్లాక్ పౌడర్ నకలుతో పోలిస్తే దీని ధర బాగా ఎక్కువ, దాని మీద ప్రెస్, గొట్టాలు, తూకం అదనం. నడిపే ఖర్చు మాత్రం తక్కువ. మందు కొంచెమే పడుతుంది, తూటా గొట్టాలు కొనే పని లేదు, ఎక్కువ ఖర్చయ్యేది ప్రైమర్లకే.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ప్రూఫ్ ముద్ర చూడండి. 1868 నాటి చట్టం ప్రకారం లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ పరీక్ష లేకుండా ఇలాంటిది అమ్మడానికి వీల్లేదు. నైట్రో ప్రూఫ్ ముద్ర సిలిండర్ మీద స్పష్టంగా కనిపించాలి. తర్వాత ఖాళీ సిలిండర్ పెట్టి హ్యామర్ మెల్లగా లాగుతూ ఆరు గదులూ బ్యారెల్‌కి ఎదురుగా సరిగ్గా వచ్చి లాక్ అవుతున్నాయా చూడండి. ఆరు ప్రైమర్ గుంటల్లోనూ వాడేసిన ప్రైమర్ పెట్టి వేలితో తడమండి, ఏదీ పైకి తగలకూడదు. నేను పైన చెప్పిన తిప్పలన్నీ ఆ వేలి పరీక్షతోనే బయటపడతాయి. అమ్మేవాళ్లు తయారీదారు ఇచ్చిన లోడింగ్ కాగితం ఇవ్వలేకపోతే, ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

ఇంకొకటి, రెండో సిలిండర్ గురించి. ఒక సిలిండర్ కాలుస్తుండగా రెండోది నింపి సిద్ధంగా ఉంటే రేంజ్‌లో సమయం సగం కలిసొస్తుంది, నేనైతే రెండు లేకుండా వెళ్లను. కానీ సిలిండర్ కూడా చట్టం దృష్టిలో తుపాకీ భాగమే, సర్టిఫికెట్‌లో అది విడిగా రాసి ఉండాలి. అందుకే రివాల్వర్ కోసం పోలీసులకు దరఖాస్తు పెట్టేటప్పుడే స్పేర్ సిలిండర్ కూడా కలిపి అడగండి. తర్వాత విడిగా అడిగితే సర్టిఫికెట్‌లో మార్పు కోసం మళ్లీ వేరియేషన్ ఫీజు, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు.